తూటా ఇత్తడి కేసు మెడను మంటతో కాల్చేటప్పుడు ఎంత వేడి, ఎంతసేపు?

ప్రశ్న: కాజీపేట ఫిట్టర్

సభ్యులందరికీ నమస్కారం. నేను కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాడిని. తుపాకుల గురించి నాకు తెలిసింది తక్కువ, ఇత్తడి గురించి కొంత నయం. ఈ వేసవిలో టెక్సస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంట్లో నాలుగు నెలలు ఉండి వచ్చాను. మా అల్లుడు అక్కడ చట్టానికి లోబడి బెంచ్‌రెస్ట్ పోటీలకు వెళ్తుంటాడు. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులపై ఆనించి, 100 గజాల దూరంలో ఉన్న కాగితం మీద ఐదు గుండ్లు ఒకే రంధ్రంలో పడేటట్టు కాల్చడమే ఆ ఆట.

అతను వాడేది 6 ఎంఎం పీపీసీ అనే రకం తూటా. గుండునూ మందునూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టాన్ని కేసు అంటారు, గుండు కూర్చునే దాని సన్నని పై భాగం మెడ. ఒక్కో ఇత్తడి కేసును పారేయకుండా మళ్ళీ మళ్ళీ నింపి వాడతారు. చేతి పనివాడినని తెలిసి, కేసు మెడను బయటి నుంచి చెక్కే పని నాకు అప్పగించాడు. అతని తుపాకీలో తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, దాని మెడ కొలత 0.262 అంగుళం, గుండు 0.243. మెడ గోడను 0.0085కు చెక్కితే, రెండు గోడలూ గుండూ కలిపి 0.260 అవుతుంది, చుట్టూ మొత్తం రెండు థౌల (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఖాళీ మిగులుతుంది. మైక్రోమీటర్ పట్టిన చేతికి ఇది సంతోషంగా చేసుకొనే పని. అందులో నాకు సందేహం లేదు.

సందేహం ఆ తరువాతి దాని గురించి. ఆరేడు సార్లు తుపాకీలో పేల్చిన కేసుల్లో గుండును దించుతుంటే, కొన్ని వెన్నలో వేలు పెట్టినట్టు దిగుతున్నాయి, కొన్ని మొరాయిస్తున్నాయి. మెడ గట్టిపడింది, కాల్చి మెత్తబరచాలి అని అల్లుడు అన్నాడు. కేసును డ్రిల్లు సాకెట్‌లో పెట్టి తిప్పుతూ, చిన్న గ్యాసు టార్చిని జాగ్రత్త కోసమని బాగా తగ్గించి, గది చీకటి చేసి, మెడ ఎర్రబడేవరకు కాల్చాడు. ఒక్కోదానికి అర నిమిషం పైనే పట్టింది. పన్నెండు కేసులు అలా చేశాక మెడలు చక్కగా మెత్తబడ్డాయి కాని, తరువాత రెండింటిలో ప్రైమర్ (మందుకు నిప్పంటించడానికి కేసు అడుగు గుంటలో బిగించే చిన్న మూత) చేతి ఒత్తిడికే జారిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది? ఎర్రబడేవరకు కాల్చడం సరైనదేనా?

ఇంకొక చిన్న ప్రశ్న. వచ్చే నెలలో అల్లుడు హనుమకొండకు వస్తున్నాడు. ఓ పది ఖాళీ కేసులు తెప్పించుకొని పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్ళకు చూపిద్దామని ఉంది. వాళ్ళకు తెలియని ఇత్తడి ఉంటుందా అని నా ఆశ.

జవాబు 1: లోహశాస్త్రం, హనుమకొండ

ఫిట్టర్ గారూ, ముందుగా ఆ పన్నెండు కేసుల్లో ఒక్కటి కూడా మళ్ళీ తుపాకీలో పేల్చవద్దని మీ అల్లుడికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. జారిన రెండే కాదు, పన్నెండూ. ప్లయర్‌తో నలిపి తుక్కులో వేయమనండి.

కేసులకు వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఈ లోహాన్ని వంచినా, సాగదీసినా, నొక్కినా గట్టిపడుతుంది. పేల్చిన ప్రతిసారీ మెడ వ్యాకోచించి ఛాంబర్‌ను తాకుతుంది, డైలో (కేసును తిరిగి కొలతకు తెచ్చే అచ్చులో) ప్రతిసారీ మళ్ళీ కుంచించుకుపోతుంది. గట్టిపడిన కొద్దీ దానికి స్ప్రింగు గుణం పెరుగుతుంది కనుక, అదే డైలోంచి వచ్చిన రెండు కేసుల్లో గట్టిది కొంచెం ఎక్కువ వెనక్కి తెరుచుకుంటుంది. గుండును పట్టుకునే బిగువు ఒక్కో కేసుకు ఒక్కో రకంగా ఉండటానికి కారణం ఇదే. మెడను వేడిచేస్తే లోపలి రేణువులు కొత్తగా ఏర్పడి మెత్తబడుతుంది. ఇంతవరకు మీ అల్లుడు అనుకున్నది సరైనదే.

తప్పు జరిగింది మంటను తగ్గించడంలో. జాగ్రత్త అనుకొని చేసిందే ముప్పు తెచ్చింది. ఇత్తడి వేడిని ఇనుముకన్నా వేగంగా పాకిస్తుంది. చిన్న మంటతో అర నిమిషం కాల్చినప్పుడు, మెడకు పెట్టిన వేడి భుజం (మెడ కింది వాలు) దాటి, ఒళ్ళు దాటి అడుగుదాకా దిగడానికి తీరిక దొరికింది. అడుగు గట్టిగా ఉండి తీరాలి, ఎందుకంటే పేలినప్పుడు చదరపు అంగుళానికి 60,000 పౌండ్లకు అటూ ఇటూగా వచ్చే ఒత్తిడిని అక్కడ ఛాంబర్ గోడ పూర్తిగా కాచదు, ఆ ఇత్తడే కాచుకోవాలి. అడుగు మెత్తబడితే ప్రైమర్ గుంట సాగుతుంది. ఇంకా మెత్తబడితే వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది. ఒకసారి మెత్తబడిన అడుగును మళ్ళీ వేడిచేసో, నీళ్ళలో ముంచో గట్టిపరచలేరు. ఉక్కుకు ఆ ఉపాయం పనిచేస్తుంది, ఇత్తడికి పనిచేయదు. మీకు ఇది తెలిసే ఉంటుంది, మీ అల్లుడికి మాత్రం విడిగా చెప్పండి.

ఎరుపు సంగతి. ఏ లోహమైనా చీకట్లో మసక ఎరుపుగా కనిపించడం మొదలయ్యేసరికి సుమారు 525 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. రెండు మూడు సెకన్లలో ముగిసే పనైతే మెడకు దానివల్ల పెద్ద చేటు లేదు. ఎరుపు ఎంతసేపు నిలిచింది అన్నదే అసలు ప్రశ్న.

జవాబు 2: కరీంనగర్ నుంచి ఒహాయో

నేను పదేళ్ళుగా ఇదే ఆట ఆడుతున్నాను కాబట్టి, కొంచెం పనివాడి కోణం నుంచి చెబుతాను. లోహశాస్త్రం సార్ చెప్పింది అక్షరాలా నిజం. వేడి పెద్దది, సమయం చిన్నది. నా దగ్గర ఒక్కో కేసు మంటలో ఉండేది అయిదారు సెకన్లే. వేడికి కరిగే గుర్తు రంగులు దొరుకుతాయి. మెడ లోపల సుమారు 400 డిగ్రీలకు కరిగేది ఒక గీత, భుజానికి కొద్దిగా కింద సుమారు 230 డిగ్రీలకు కరిగేది ఇంకొక గీత రాసి, పనికిరాని కేసులపై ముందుగా పరీక్షించాలి. పైది కరగాలి, కిందిది కరగకూడదు. ఆ సమయాన్ని మెట్రోనోమ్‌కు కట్టేస్తే, తరువాత కంటిని నమ్మాల్సిన పని లేదు. నేను మృదంగం నేర్చుకునే మా అమ్మాయి ఫోన్లోని తాళం యాప్ వాడతాను. ఆమెకు అది నచ్చదు, అది వేరే కథ.

ఇక అసలు ప్రశ్న మెత్తదనం ఎంత అని కాదు, అన్నీ ఒకే మెత్తదనంలో ఉన్నాయా అని. ఈ ఆటలో చాలామంది పీపీసీ వాళ్ళు మెడను అసలు కాల్చరు. ఇరవై కేసులు తీసుకొని, వాటినే పోటీ మైదానంలో రౌండు రౌండుకూ మధ్య నింపుకుంటూ, అన్నింటినీ ఒకే లెక్కన వాడి, అన్నీ కలిసి గట్టిపడనిస్తారు. కాల్చేవాళ్ళు ప్రతిసారీ కాల్చాలి, లేనివాళ్ళు ఎప్పుడూ కాల్చకూడదు. మూడుసార్లు వాడినవీ ఏడుసార్లు వాడినవీ ఒకే పెట్టెలో కలిపేస్తే ఏ పద్ధతీ కాపాడదు. మీ అల్లుడి పెట్టె మీద అంకెలు రాసి ఉన్నాయా? లేకపోతే గుండు కొన్నింటిలో సులువుగా దిగడానికి, కొన్నింటిలో మొరాయించడానికి సగం కారణం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

ఇంకొకటి. అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌తో కేసులు తుడవవద్దనండి. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వర్షాకాలం గుర్రాల కొట్టాల దగ్గర నిల్వ చేసిన తూటాలు కారణం తెలియకుండా పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహంలో దాగిన బిగువు కలిసి ఇత్తడిని చీలుస్తున్నాయని 1921లో తేల్చారు. పగుళ్ళు ఎక్కువగా వచ్చేవి నొక్కి బిగించిన మెడ దగ్గరే.

జవాబు 3: పెంబర్తి, జనగామ జిల్లా

అయ్యా, నేను తుపాకీ పట్టలేదు, మా ఇంట్లో రేకు కొట్టే పని మాత్రం నాన్న కాలం నుంచి ఉంది. మీరందరూ చెబుతున్నది మేము రోజూ చేసేదే. రేకును లక్క మీద అతికించి నగిషీ కొడుతూ పోతే, కొంతసేపటికి సుత్తి చప్పుడు మారుతుంది. మొదట మెత్తగా ‘దబ్’మన్నది, తరువాత ‘టంగ్’మంటుంది. టంగ్‌మన్నాక కొడితే రేకు పగులుతుంది. అప్పుడు లక్క నుంచి ఊడదీసి, కాల్చి, చల్లారాక మళ్ళీ ఎక్కిస్తాం. మాకు థర్మామీటరు ఆ చప్పుడే.

మాకూ మీకూ ఒక తేడా ఉంది. మేము రేకు మొత్తం మెత్తబడాలని కాలుస్తాం, మీకు ఒక అంచు మెత్తబడాలి, ఇంకొక అంచు గట్టిగా ఉండాలి. మాకు అలాంటి అవసరం వచ్చినప్పుడు, గట్టిగా ఉండాల్సిన వైపు తడి గుడ్డ చుడతాం, లేదా నీళ్ళలో నిలబెడతాం. ఎర్రగా ఎక్కువసేపు ఉంచితే రేకు మీద నారింజ తొక్కలా గరుకు లేస్తుంది, ఆ తరువాత ఎంత మెరుగు పెట్టినా పోదు.

కొత్త కేసుల మెడ దగ్గర నెమలి కంఠం లాంటి రంగుల పొర చూశారా? అది మురికి కాదు, మంటతో కాల్చిన గుర్తు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు దాన్ని చింతపండుతో తోమేయమంటారు. తోమితే పోతుంది, కాని పులుపులో రాత్రంతా నానబెట్టకండి, జింకు వదిలి పైన గులాబీ రంగు రాగి తేలుతుంది.

జవాబు 4: మరొక సభ్యుడు

రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక చెబుతున్నాను. ఖాళీవైనా సరే, ఆ కేసులు సామానులో పెట్టుకొని రావద్దనండి. 1959 ఆయుధాల చట్టంలో తూటా అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఇక్కడ నేరం. విమానాశ్రయంలో స్కానర్ ముందు నిలబడి, ఇది పెంబర్తి కళాకారుడికి చూపించడానికి అని వివరించే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఆ పని అక్కడిదే, అక్కడే ఉండనివ్వండి.

ఫిట్టర్ గారి తిరుగు జవాబు

అందరికీ కృతజ్ఞతలు. అల్లుడికి అదే రాత్రి ఫోన్ చేశాను. పన్నెండు కేసులూ నలిపేశాడు, ఫోటో పంపాడు. పెట్టె మీద అంకెలు లేవట. ఒహాయో మిత్రుడి అనుమానం నిజమైంది. కేసులు తేవద్దని కూడా చెప్పాను, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

కేసులు లేకపోయినా, నా పెట్టెలో షెడ్ రోజుల నాటి ఇత్తడి షిమ్ రేకు ఉందని గుర్తొచ్చింది. వేలెడు వెడల్పున రెండు ముక్కలు కత్తిరించాను. ఒకదాన్ని, అల్లుడు చేసినట్టే, పట్టకారుతో పట్టుకొని చిన్న మంట మీద అర నిమిషం కాల్చాను. రెండోదాన్ని సగం నీళ్ళున్న గిన్నెలో నిలబెట్టి, పెద్ద మంటను పై అంచుకు ఆరు సెకన్లు చూపించాను. చల్లారాక రెండింటినీ చివరి నుంచి చివరకు, గోరంత దూరానికి ఒకసారి, బొటనవేలితో వంచి చూశాను. మొదటిది ఎక్కడ వంచినా తమలపాకులా వంగి అలాగే ఉండిపోయింది, నేను పట్టుకొన్న చివర కూడా అంతే. రెండోది పైన రెండు వేళ్ళ మేర మెత్తగా ఉంది, అక్కడి నుంచి ఒక గోరు దిగేసరికి స్ప్రింగులా తిరిగి లేచింది. రంగు కూడా అక్కడే ఆగింది.

ఆ రెండు ముక్కలూ ఫోటో తీసి అల్లుడికి పంపాను. పెంబర్తి మిత్రుడు చెప్పిన చప్పుడు కూడా వినాలని, చిన్న సుత్తితో రెండింటినీ దాగలి మీద కొట్టాను. మొదటిది ‘దబ్’ అంది. రెండోది పైన ‘దబ్’, కింద ‘టంగ్’. మా ఆవిడ వంటింట్లోంచి ఏమయిందని అడిగింది.