రెండు రాత్రులే ఉంది: బ్యాంకాకా, హో చి మిన్ సిటీయా?

నమస్తే. నవంబర్ చివర్లో మా బావ పెళ్లి. బ్యాచిలర్ పార్టీ బయటి దేశంలో చేద్దామని హన్మకొండ నుంచి ఎనిమిది మందిమి అనుకున్నాం. ఇద్దరు అయ్యప్ప మాల వేసుకుంటారు, కాబట్టి నవంబర్ మొదటి వారాంతమే కుదురుతుంది. శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో ఎక్కి సోమవారం పొద్దున దిగాలి. మనిషికి 45 వేలు, అన్నీ కలిపి.

వాట్సాప్‌లో ఓటింగ్ పెడితే సగం సగం వచ్చి ఆగిపోయింది. ట్రావెల్ ఏజెంట్లను అడిగితే అందరూ ఐదు రోజుల ప్యాకేజీయే అంటగడుతున్నారు. వియత్నాంలోని దా నాంగ్‌లో ఆ నెలలో వానలు దంచికొడతాయి, కొలంబో కూడా అప్పుడు అంతే. కజకిస్తాన్‌లోని ఆల్మటీకి వీసా అక్కర్లేదు కానీ చలి, పైగా ఢిల్లీలో విమానం మారాలి. పట్టాయా అంటే బ్యాంకాక్ నుంచి రోడ్డు మీదే రెండు గంటలు పోతుంది. ఉన్నదే రెండు రాత్రులు!

మిగిలినవి రెండే. బ్యాంకాక్‌కు నేరుగా మూడున్నర గంటల్లో పోవచ్చు, కానీ "అందరూ పోయేదే కదా" అని బావకు మొహం మొత్తింది (పేరు చెబితే అత్తమ్మ కూడా అనుమానంగా చూస్తుంది, అది వేరే కథ). హో చి మిన్ కూడా వియత్నాంలోదే, దానికి ముందే 25 డాలర్ల ఈ-వీసా తీయాలి.

మాలో ముగ్గురు మందు ముట్టరు, ఒకరు శాకాహారి. క్లబ్బుల కన్నా రాత్రి తిరుగుడు, తిండి, గో-కార్టింగ్ లాంటివి కావాలి. రెండూ చూసినవాళ్లు చెప్పండి: ఇలాంటి గుంపుకు, ఇంత తక్కువ టైంలో, ఏ ఊరు మేలు?