పాత సరుకుల వ్యానుకు ఇంట్లోనే రోలర్‌తో రంగు: పొదుపా, దండగా?

బరువుల బండి: నా వ్యాను ఇంజను దిట్టంగా ఉంది, ఒళ్లంతా తుప్పు మచ్చలు. షెడ్డుకిస్తే బండి విలువలో సగం రంగుకే పోయేలా ఉంది. ఇనుప గేట్లకు వేసే ఎనామిల్‌నే రోలర్‌తో వేసుకుంటే తప్పేమిటి?

తెల్ల డబ్బా: తప్పే. ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా గట్టిపడుతుంది. చేతికి అంటలేదంటే ఆరిపోయిందని కాదు, లోపలి దాకా గట్టిపడాలంటే వారాలు పడుతుంది. ఈలోగా తాడు బిగించినా, పెట్రోలు ఒలికినా మచ్చే. రేపు దానిమీద ఘాటైన థిన్నర్ కలిపిన రంగు కొడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. అప్పుడు మొత్తం గీకాల్సిందే.

గరుకు కాగితం: చెప్పినవన్నీ నిజాలే, తేల్చిన మాటే నాకు మింగుడు పడలేదు. రోజూ బరువులెత్తే బండికి గీతలు పడక మానవు. ఎనామిల్ అయితే అదే డబ్బాలో బ్రష్షు ముంచి సాయంత్రం సర్దేసుకోవచ్చు. ఇక షెడ్డు నునుపు కోసం హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగును ఇంట్లో స్ప్రే చేద్దామనుకునేవారు ఒకటి గమనించాలి: ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదు.

అసలు శ్రమంతా రంగుకు ముందే. సబ్బుతో కడిగి, పాత పాలిష్ జిడ్డును తుడిచాకే గరుకు కాగితం పట్టండి. ముందే రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి, రంగు అక్కడక్కడ గుండ్రంగా విడిపోతుంది. ఉబ్బిన చోటల్లా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిందా, అక్కడ కావలసింది వెల్డింగు. రేకు బయటపడ్డ చోట ఆ రోజే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పడాలి. ప్రైమర్ వేశాం కదా అని వానలో వదిలేయకండి, మామూలు ప్రైమర్ నీళ్లు పీలుస్తుంది, తుప్పు దాని కిందే మొదలవుతుంది. రంగును టర్పెంటైన్‌తో కాస్త పలచన చేసి, సన్నటి పొరలుగా, నీడలో వేయండి. రోలర్ వెనకాలే బ్రష్షు కొసతో తేలిగ్గా లాగితే బుడగలు పోతాయి. ఆరాక తడిపిన గరుకు కాగితంతో రుద్ది మరో పొర. విసుగుపుట్టే పనే, ఒప్పుకుంటాను.

తెల్ల డబ్బా: మరి అమ్మాల్సి వస్తే? రోలర్ గరుకు కనిపించగానే కింద ఏం దాచారోనని కొనేవాడు వెనకాడతాడు. వెనక తొట్టికి మీ పద్ధతి సరే, క్యాబిన్ డోర్లకు మాత్రం నేను ఒప్పుకోను.

గరుకు కాగితం: అమ్మేవాడికి ఆ లెక్క సరైనదే. ఈయన అమ్ముతానన్నారా?

బరువుల బండి: అమ్మను, అది కదలనంటేనే ఆపుతాను. ఇప్పుడే డోరు అడుగున పొడిచి చూశాను, స్క్రూడ్రైవర్ సగం దాకా దిగిపోయింది. ముందు వెల్డింగు, తర్వాతే రోలర్. రంగు మాత్రం పాతదే, మారిస్తే రిజిస్ట్రేషన్ కాగితాల పని మళ్లీ మీద పడుతుంది.

తెల్ల డబ్బా: అయితే డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, అతుకు వేసేటప్పుడు, రంగు వేసేటప్పుడు వాటిని మూసేయకండి. ఆ డోరు తుప్పు పట్టింది బహుశా అవి పూడుకుపోయే.