పెళ్లి ఫోటోల సొమ్ములో పదో వంతు దానం: జబ్బు పిల్లల ముఖాలు స్టూడియో గోడ మీద ఉండాలా?

వంశధార (పర్లాకిమిడి)

మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లి. ఫోటోలకు మాట్లాడుకున్న స్టూడియోకు గజపతి జిల్లాలో మంచి పేరే ఉంది. వాళ్లిచ్చిన ప్యాకేజీ కాగితం అడుగున ఒక షరతు ఉంది. మనమిచ్చే మొత్తంలో పదో వంతు కొండ గ్రామాల పిల్లల వైద్యానికి వెళుతుందట. మన పెళ్లి ఫోటోలు కొన్నింటిని, సాయం పొందిన పిల్లల ఫోటోలతో కలిపి స్టూడియో గోడ మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారట. నాన్నగారు చాలా సంతోషించారు. "మన ఇంట శుభకార్యం జరిగితే ఎవరో బిడ్డకు మందు అందుతుంది, ఇంతకన్నా ఏం కావాలి" అన్నారు.

నేను వెళ్లి ఆ గోడ చూశాను. పట్టుచీరల పెళ్లికూతుళ్ల పక్కనే ఆసుపత్రి మంచం మీద పిల్లలు. కింద పేరు, ఊరు, జబ్బు. నాకు మనసొప్పడం లేదు. ఫోటోగ్రాఫరు మోసగాడని నేను అనడం లేదు. ఆయన డబ్బు ఇస్తున్నాడు, అది నిజం. నా ప్రశ్నలు రెండు. దానాన్ని పెళ్లి ప్యాకేజీకి ముడిపెట్టడం సరైనదేనా? సాయం పొందినవారి ముఖాలు చూపించవలసిన అవసరం ఉందా? వృత్తిలో ఉన్నవారు కూడా చెబితే బాగుంటుంది.

ఋషికుల్య (బరంపురం)

ఫిల్ము రీళ్ల కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను. మీ మొదటి ప్రశ్నకు మా వృత్తి లెక్క తెలియాలి.

మాకు సంపాదన ముహూర్తాల రోజుల్లోనే. ఆషాఢం వచ్చినా, మౌఢ్యం వచ్చినా స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలే దిక్కు. తెలుగువారి ముహూర్తాలు, ఒడియావారి లగ్నాలు రెండూ చూసుకున్నా ఏడాదిలో ఖాళీ రోజులే ఎక్కువ. డబ్బు కూడా ఒక్కసారిగా చేతికి రాదు. అడ్వాన్సు కొంత, పెళ్లి రోజున కొంత, ఆల్బమ్ ఇచ్చినప్పుడు మిగతాది. ఆ చివరి భాగం నెలల తరబడి వేలాడుతుంది. అందులోంచే రెండో కెమెరా మనిషికి, లైట్లు పట్టుకునే అబ్బాయికి, డ్రోన్ వాళ్లకు, వీడియో ఎడిటింగుకు, ఆల్బమ్ ముద్రణకు ఇవ్వాలి. లైట్లు పట్టే అబ్బాయి రాత్రి ముహూర్తమైతే తెల్లవారుజాము దాకా నిలబడే ఉంటాడు. మా వృత్తిలో అందరికన్నా ఆలస్యంగా డబ్బు ముట్టేది అతనికే.

కనుక మొత్తం రుసుములో పదో వంతు ఇస్తానని ఎవరైనా అంటే నేను అడిగేది ఒక్కటే: మీ దగ్గర పనిచేసేవారికి ఆల్బమ్‌తో సంబంధం లేకుండా ఆ వారంలోనే కూలి ఇస్తున్నారా? ఇస్తున్నట్లయితే ఆయనకు నమస్కరిస్తాను. లేకపోతే ఆ దానం వెళుతున్నది ఆ అబ్బాయి జేబులోంచి. ఖర్చులన్నీ పోగా తనకు మిగిలినదానిలోంచి ఎంత ఇచ్చినా అది ఆయన దానం. పెళ్లివారి కాగితం మీద రాయవలసిన పని లేదు.

తప్తపాణి (మోహన)

ఋషికుల్య గారి కూలి మాటతో ఏకీభవిస్తాను. "కాగితం మీద రాయకూడదు" అన్నదానితో మాత్రం లేదు.

నేను కొండ గ్రామాల బడుల్లో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. గుప్తదానం గొప్పదే, కానీ దాన్ని చూసి నేర్చుకునేవాడు ఉండడు. ఒకరు రాస్తేనే పక్క స్టూడియోవారు, క్యాటరింగువారు, పెళ్లి మంటపం యజమాని ఆలోచిస్తారు. ముఖాల విషయానికొస్తే, అమెరికాలో లూయిస్ హైన్ అనే ఉపాధ్యాయుడు 1908 నుంచి పిల్లలతో పని చేయించడాన్ని వ్యతిరేకించే సంఘం కోసం మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల ఫోటోలు తీశాడు. పేరు, వయసు, పని గంటలు అడిగి రాసుకున్నాడు. ఆ ముఖాలు చూశాకే జనం కదిలారు. 1938లో వచ్చిన కార్మిక చట్టం దాకా సాగిన పోరాటంలో ఆ ఫోటోలకు పెద్ద చోటుంది. పిల్లల ముఖాలు దాచి ఉంటే అది జరిగేదా? మా కొండల పిల్లలు ఎవరికీ కనబడకపోవడమే వాళ్ల అసలు కష్టం. కనబడనివ్వండి.

నాగావళి (రాయగడ)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే గట్టిగా కాదంటున్నాను. నేను ఆసుపత్రిలో నర్సును.

హైన్ చూపించింది యజమానుల తప్పును. ఆ పిల్లల ముఖాల వెనుక నిలదీయవలసిన మిల్లు ఉంది. స్టూడియో గోడ మీది పిల్లవాడి ఫోటో ఎవరిని నిలదీస్తోంది? అది చూసినవారికి గుర్తుండేది ఫోటోగ్రాఫరు మంచితనమే. మన ప్రాంతానికే చెందిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 1876–78 కరువులో విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఆకలితో చిక్కిపోయినవారిని గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అప్పుడు మన గంజాం కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. ఆ ఫోటోల్లో ఒక్కరి పేరూ మనకు తెలియదు, హూపర్ పేరు మాత్రం మిగిలింది.

ఇక జబ్బు సంగతి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో, తల్లిదండ్రుల నుంచి వచ్చే సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నవారు చాలామంది. తల్లిలోనూ తండ్రిలోనూ జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అందుకే 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డును ఊళ్లోవారికి చూపించకుండా దాచుకునే తల్లులను నేను రోజూ చూస్తాను. కారణం సంబంధాలు. "ఆ ఇంటి పిల్లకు రక్తం జబ్బట" అన్న మాట ఒక్కటి చాలు, అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లన్నీ ఆగిపోతాయి. ఇతరుల పెళ్లి ఫోటోలు మెరిసే గోడ మీద ఆ పిల్ల ముఖం, ఊరు, జబ్బు పేరు పెట్టి ఆమె పెళ్లినే కష్టం చేస్తున్నారు. దానిని సాయం అనడం నాకు చేతకాదు.

అనుమతి తీసుకున్నాం అంటారు. బిడ్డకు రక్తం ఎక్కుతుండగా, మందుల డబ్బు కట్టిన మనిషి కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏ తల్లి వద్దంటుంది? పైగా బాలల గృహంలో ఉండే పిల్లలైతే, వాళ్లు ఎవరో తెలిసేలా ఫోటో, పేరు, చిరునామా ప్రచురించడం 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

గోపాలపుర్ తీరం

నేను లెక్కలు రాసేవాణ్ని కాబట్టి ఆ వైపు రెండు మాటలు.

పెళ్లివారి సొమ్ములోంచి పదో వంతు వెళ్లినా రసీదు ఫోటోగ్రాఫరు పేరునే వస్తుంది. పాత పన్ను విధానంలో ఉంటే, ఆ సంస్థకు అర్హత ఉంటే మినహాయింపు కూడా ఆయనకే. రెండు వేలు దాటిన నగదు దానానికి మినహాయింపు లేదు కాబట్టి బ్యాంకు ద్వారా ఇస్తున్నారా అని అడగండి. బ్యాంకు ద్వారా ఇస్తే జాడ ఉంటుంది. "మీరు దానం చేశారు" అని పెళ్లివారితో అంటే మాత్రం తప్పు.

పెళ్లి ఫోటోల హక్కు సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే, వేరే ఒప్పందం లేకపోతే. ఆ "వేరే ఒప్పందం" వంశధార గారి కాగితం అడుగున ఉన్న షరతే. అంటే సంతకం పెడితే చెల్లెలి ఫోటోల మీద హక్కు కొంత వదులుకున్నట్లే. దానం గురించిన వాక్యంలో ఈ హక్కు కూడా కలిసి పోతోంది. ఆ రెండు వాక్యాలను విడదీయమనండి.

మహేంద్రగిరి (కాశీనగర్)

ఇంతసేపూ అందరూ డబ్బు గురించే మాట్లాడారు. ఫోటోగ్రాఫరు ఇవ్వగలిగినది, మరెవ్వరూ ఇవ్వలేనిది ఒకటుంది. అది ఫోటో.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. వంశధార నది పొంగి మా వైపు ఊళ్లలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. బియ్యం, టార్పాలిన్లు, దుప్పట్లు ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చారు. పెట్టెల్లో, గోడల మీద ఉన్న ఫోటోలు మాత్రం బురదలో పోయాయి. పెళ్లి ఫోటో పోయినవారు ఉన్నారు, చనిపోయిన బిడ్డ ఒక్కగానొక్క ఫోటో పోయినవారు ఉన్నారు. అది ఏ పరిహారం జాబితాలోనూ లేదు.

తుపాను రాకపోయినా అంతే. మన ఊళ్లలో ఎవరైనా పెద్దవారు పోతే పదకొండో రోజుకు దండ వేయడానికి ఫోటో కావాలి. ఇల్లంతా వెతుకుతారు. చివరికి ఆధార్ కార్డు పట్టుకుని స్టూడియోకు వస్తారు. ఆ కార్డులోని ఫోటో ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాన్ని పెద్దది చేసి, వెనుక నీలం రంగు వేసి, భుజాలకు ఎవరివో బట్టలు అతికిస్తారు. ఎనభై ఏళ్లు బతికిన మనిషికి కుటుంబంలో మిగిలే రూపం అదే. బతికుండగా ఒక్క రోజు శ్రద్ధగా కూర్చోబెట్టి తీసి ఉంటే ఎంత బాగుండేది!

అమెరికాలో జెరెమీ కవార్ట్ అనే ఫోటోగ్రాఫరు హెల్ప్-పోర్ట్రెయిట్ అని ఇలాంటి పనే మొదలుపెట్టాడు. 2009 డిసెంబరులో చాలా దేశాల ఫోటోగ్రాఫర్లు ఒకే రోజున, డబ్బిచ్చి ఫోటో తీయించుకోలేనివారికి ఫోటోలు తీసి, ప్రింటు చేతికిచ్చారు. ఉచితంగా. ఫోటో తీయించుకున్నవారిది, తీసినవారి ప్రచారానికి కాదు. పెళ్లిలో పెళ్లికూతురికి ఇచ్చే వెలుగు, ఓపిక, మర్యాద అన్నీ ఒక సవర ముసలమ్మకు కూడా ఇవ్వడమే ఆ పని. ఆమె మంచి చీర కట్టుకుని, కావలసిన చోట కూర్చుని, నచ్చినట్టు చూస్తుంది. జబ్బు గురించి ఎవరూ అడగరు. ఆ ప్రింటు ఆమె ఇంటి గోడకే వెళ్లాలి, స్టూడియో గోడకు కాదు. ఫోటోగ్రాఫరు దానం అంటే నాకు తెలిసింది ఇది.

తప్తపాణి (మోహన)

బాగుంది. కానీ ఫోటో రక్తం ఎక్కించదు. ఆ పిల్లవాడికి బరంపురం వెళ్లడానికి బస్సు డబ్బులు కావాలి. ఆ స్టూడియో అది ఇస్తోంది. ముఖాలు తీసేయమని అందరూ మీద పడితే, ఆయన విసుగు చెంది డబ్బు కూడా ఆపేస్తే ఆ పాపం ఎవరిది? లోపమున్న సాయం ఆగిపోయిన సాయం కన్నా మేలని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. నాగావళి గారి మాట విన్నాక ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: పేరు, ఊరు, జబ్బు రాయకూడదు.

నాగావళి (రాయగడ)

మాస్టారూ, మూడు వేల జనాభా ఉన్న ఊరివాళ్లకు ముఖం చాలు, పేరు అక్కర్లేదు.

ఫోటో రక్తం ఎక్కించదని అన్నారు. పుట్టీ పుట్టకుండానే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు నా కళ్ల ముందే ఖాళీ చేతులతో ఇంటికి వెళతారు. అలాంటి బిడ్డల ఫోటోలు ఉచితంగా తీసి తల్లిదండ్రులకు ఇచ్చే ఫోటోగ్రాఫర్ల సంస్థ అమెరికాలోని కొలరాడోలో 2005 నుంచి ఉంది. ఆ తల్లికి అది మందు కన్నా తక్కువది కాదు. ఇక్కడ మన తల్లులకు కావాలో వద్దో వాళ్లనే అడగాలి. అడిగే మనిషి మాత్రం కెమెరా సంచీలో పెట్టుకుని అడగాలి.

వంశధార (పర్లాకిమిడి)

స్టూడియో యజమానితో ఈ రోజు మాట్లాడాను. దానం షరతు ఉంచండి, మా ఫోటోల షరతు వేరే కాగితంగా ఇవ్వండి, పిల్లల ఫోటోలు తీసేయండి అని అడిగాను. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. మూడోదానికి, ముఖాలు చూపకపోతే డబ్బు నిజంగా ఇస్తున్నానని పెళ్లివారు నమ్మరని అన్నారు. ఆయన ఆ మాట అబద్ధంగా చెప్పలేదు. ఇంతకు ముందు కొందరు ఆయన ముఖం మీదే "పదో వంతు మాకే తగ్గించు" అన్నారట. రసీదులు అతికించండి, పిల్లల పేర్లు కనబడకుండా ఆసుపత్రి ముద్ర ఉన్నవి చాలు అన్నాను. ఆలోచిస్తానన్నారు. గోడ మారేవరకు మేము సంతకం చేయబోమని నాన్నగారు కూడా అన్నారు. లైట్లు పట్టే అబ్బాయికి ఇవ్వవలసినది పెళ్లి రోజునే మా చేతుల మీదుగా ఇస్తామని కాగితంలో రాయిస్తున్నాం.

ఋషికుల్య (బరంపురం)

రసీదుల ఆలోచన మంచిది, నేనూ చేస్తాను. మహేంద్రగిరి గారూ, ఆషాఢంలో నా స్టూడియో ఖాళీ. కెమెరా, ఒక లైటు, చిన్న ప్రింటరు తీసుకుని కాశీనగర్ వైపు వస్తాను. కాగితం, ఫ్రేముల ఖర్చు నాది. ఊళ్లో పెద్దవారిని ముందే అడిగి, ఇష్టమైనవారి జాబితా మీరు సిద్ధం చేయండి. వర్షాకాలం కాబట్టి బడి వరండా దొరికితే మేలు.