నాన్నగారింటి రూటర్‌లో డీఎన్‌ఎస్ మళ్లీ మళ్లీ మారిపోతోంది. రీసెట్ చేస్తే చాలా, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) కూడా మార్చాలా?

ఓరుగల్లు_వాసి అడిగారు:

నమస్తే అండీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలు హనుమకొండలో ఉంటారు. నెల రోజులుగా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "ఏది తెరిచినా రమ్మీ బొమ్మలే వస్తున్నయ్ రా" అని. ఫోన్‌లో ఏదో పనికిమాలిన యాప్ పడిందనుకుని వీడియో కాల్‌లో చూసి రెండు మూడు తీయించాను, తగ్గలేదు. వారం తిరక్కుండా అమ్మ ఫోన్‌లోనూ అదే గోల.

మొన్న శనివారం వెళ్లాను. నా ఫోన్ ఇంటి వైఫైకి కలిపిన పది నిమిషాలకే నాకూ వచ్చింది. వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద అదే సైటు తెరిస్తే శుభ్రంగా వచ్చింది. అప్పుడర్థమైంది, తప్పు ఫోన్లది కాదని.

రూటర్ టీవీ పైన మేకుకు వేలాడుతోంది, 2019లో లోకల్ ఆపరేటర్ వాళ్లు పెట్టింది పెట్టినట్టే. వెనక స్టిక్కర్ మీద 192.168.1.1, యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. లోపలికెళ్లి చూస్తే డీఎన్‌ఎస్ దగ్గర, అంటే సైటు పేరు కొడితే దాని ఐపీ నంబరు చెప్పే సర్వర్ల అడ్రసులుండే చోట, మొదటి నంబరు నాకు తెలియని ఏదో విదేశీ ఐపీ, రెండోది మాత్రం మామూలు గూగుల్ వాళ్ల 8.8.8.8. మొదటిది తీసేసి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 పెట్టి, పాస్‌వర్డ్ గట్టిది పెట్టి, హమ్మయ్య అనుకుని బస్సెక్కాను. బుధవారం నాన్న మళ్లీ ఫోన్. పక్కింటి అబ్బాయి చేత తెరిపించి స్క్రీన్‌షాట్ పెట్టించుకుంటే అదే విదేశీ నంబరు మళ్లీ వచ్చి కూర్చుంది! పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ అబ్బాయికి కూడా ఆరోజే చెప్పాను.

ఆపరేటర్‌కి చేస్తే "నెట్ వస్తోంది కదా సార్, ప్రాబ్లమ్ ఏముంది" అంటున్నారు. ఫర్మ్‌వేర్ తేదీ 2018 చూపిస్తోంది. నాన్న పెన్షన్ అకౌంట్ ఆ ఫోన్‌లోనే, మొన్నొకసారి బ్యాంకు సైటు తెరిస్తే ఎర్రగా హెచ్చరిక వచ్చిందట, భయపడి వెనక్కి వచ్చేశారట. నాకైతే నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

రాత్రి_షిఫ్టు:

ముందు డబ్బు సంగతి చూడండి, రూటర్ తర్వాత. ఇప్పుడే నాన్నగారి ఫోన్‌లో వైఫై ఆపించి, మొబైల్ డేటా మీద నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ మార్పించండి. స్టేట్‌మెంట్ ఒకసారి కిందాకా చూడండి. ఒక్క రూపాయి తేడా కనిపించినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత ఆలస్యమైతే డబ్బు వెనక్కి రావడం అంత కష్టం. ఆ ఎర్ర హెచ్చరిక దగ్గర ఆయన వెనక్కి రావడం చాలా మంచి పని. బ్యాంకు పేరుతో వేరే సర్వర్ దగ్గరికి తీసుకెళ్తే దాని దగ్గర బ్యాంకు సర్టిఫికెట్ ఉండదు కాబట్టి బ్రౌజర్ అలా అరుస్తుంది. ఇంట్లో అందరికీ చెప్పండి, అది వస్తే ఇక ముందుకు వెళ్లేది లేదని.

ఇక అసలు విషయం. పాస్‌వర్డ్ మార్చినా మళ్లీ ఎలా వచ్చారు అన్నారు కదా. మీరు తలుపు తాళం మార్చారు, వాడు వచ్చేది గోడకున్న కన్నంలోంచి. అడ్మిన్ అడ్మిన్ అని కొట్టి దూరడం ఒక పద్ధతి, 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసింది అదే, అరవై దాకా డిఫాల్ట్ యూజర్ పాస్‌వర్డ్ జతలు చేత్తో పట్టుకుని కెమెరాలు, రూటర్లు లక్షల్లో పట్టేసింది. మన దగ్గర కూడా 2017 జూలైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేల సంఖ్యలో పడిపోయినప్పుడు డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చుకోండి అని సంస్థే జనానికి చెప్పింది. అంతవరకు పాస్‌వర్డ్ మారిస్తే ఆగేది.

రెండో పద్ధతికి పాస్‌వర్డే అక్కర్లేదు. 2021 ఆగస్టులో బయటపడిన ఆర్కేడియన్ అనే కంపెనీ ఫర్మ్‌వేర్ లోపం చూడండి, అది ఎంత చిన్న తప్పో తెలిస్తే ఒళ్లు మండుతుంది. రూటర్ లాగిన్ పేజీలో లోగో కనిపించాలి కాబట్టి బొమ్మల ఫోల్డర్‌కి లాగిన్ అడగరు. వాడు ఆ బొమ్మల ఫోల్డర్ పేరుతో అడ్రసు మొదలుపెట్టి, రెండు చుక్కలు పెట్టి ఒక మెట్టు వెనక్కి వచ్చి, సెట్టింగుల పేజీ అడుగుతాడు. రూటర్ ముందు మాట చూసి "బొమ్మే కదా" అనుకుని లోపలికి పంపేస్తుంది. ఒకే ఫర్మ్‌వేర్ చాలా కంపెనీల డబ్బాల్లోకి వెళ్లింది, లోపం పదేళ్లకు పైగా అందులోనే ఉంది, వివరాలు బయటికి వచ్చిన రెండు మూడు రోజుల్లోనే దాన్ని వాడి రూటర్లను పట్టడం మొదలైంది. మీ పాస్‌వర్డ్ పదహారు అక్షరాలున్నా ఇక్కడ పనికిరాదు. ఆ కన్నం పూడ్చేది కొత్త ఫర్మ్‌వేర్ ఒక్కటే.

మీ మోడల్‌లో ఉన్నది ఏ లోపమో చూడకుండా చెప్పలేం గానీ, లక్షణం మాత్రం ఇదే. ఇంకొకటి, రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, ఇంటి బయటి నుంచి కూడా రూటర్ సెట్టింగులు తెరవనిచ్చేది, అది ఆన్‌లో ఉందా?

ఓరుగల్లు_వాసి:

పక్కింటి అబ్బాయిని మళ్లీ పంపి చూపించాను. ఆన్‌లో ఉంది అన్నా. నేను అసలు ఆ పేజీకే వెళ్లలేదు. ఇప్పుడు తీయించాను. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చాం, డబ్బులైతే ఎక్కడా పోలేదు.

గుంటూరు_లైన్:

తమ్ముడూ, నేను ఆరేళ్లు ఇలాంటి ఆపరేటర్ దగ్గరే ఫీల్డులో చేశాను, కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. "నెట్ వస్తోంది కదా" అన్న కుర్రాడిది తప్పనను. మాకు ఇచ్చే కంప్లైంట్లన్నీ ఎర్ర లైటు, స్పీడు, కేబుల్ తెగింది, అంతే. ఫర్మ్‌వేర్ అనే మాట మాకెవరూ నేర్పలేదు, రోజుకి పదిహేను ఇళ్లు తిరగాలి, స్తంభం ఎక్కాలి, దిగాలి. డబ్బాలు హోల్‌సేల్‌లో వస్తాయి, పెట్టెలోంచి తీసి తగిలించి రావడమే. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి పెట్టేది కూడా చాలాచోట్ల మావాళ్లే, ఇంటికి రాకుండా ఆఫీసులో కూర్చునే సెట్టింగు మార్చొచ్చని. ఆ వెసులుబాటు మాకొక్కళ్లకే కాదు, ప్రపంచంలో ఎవరికైనా తెరిచినట్టేనని చాలా తర్వాత తెలిసింది నాకు, తెలిశాక చాలా బాధపడ్డాను, ఎందుకంటే నేనే వందల ఇళ్లలో అలా పెట్టి వచ్చాను.

ఇప్పుడు పని. మీకు లోపలికి వచ్చేది సన్నటి ఫైబర్ తీగా, మామూలు లాన్ కేబులా? ఫైబరే నేరుగా డబ్బాలోకి వెళ్తుంటే దాని ఫర్మ్‌వేర్ మనం ఎక్కించకూడదు, కంపెనీ వాళ్లు తమ సర్వర్ నుంచి పంపాలి. మోడల్, సీరియల్ నంబరు, ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ వెర్షన్ రాసి యాప్‌లోనో మెయిల్‌లోనో కంప్లైంట్ పెట్టండి, ఫోన్‌లో చెప్తే గాలికి పోతుంది. అప్పటికీ కదలకపోతే బ్రిడ్జ్ మోడ్‌లో (ఆ డబ్బా రూటర్ పని మానేసి నెట్‌ని అలాగే వెనక్కి పంపేలా) పెట్టమని చెప్పి వెనక సొంత రూటర్ పెట్టుకోండి. లాన్ కేబుల్ అయితే మీ అదృష్టం, రూటర్ ఏదైనా పెట్టుకోవచ్చు, పీపీపీఓఈ, అంటే నెట్ కనెక్షన్‌కి రూటర్ లాగిన్ అయ్యే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి. మ్యాక్ బైండింగ్ (కనెక్షన్‌ని పాత డబ్బా గుర్తింపు నంబరుకే కట్టేయడం) తీసేయమని మాత్రం ముందే చెప్పండి, లేకపోతే కొత్త డబ్బా పెట్టి రాత్రంతా కూర్చున్నా నెట్ రాదు, చివరికి కొత్తదే పాడైపోయిందనుకుంటారు.

తెనాలి_అమ్మాయి:

ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు నా అనుభవం ఒకటి వినండి, నేను చేసిన తప్పు మీరు చేయకండి. రూటర్ కింద స్టిక్కర్ మీద మోడల్ పేరు పక్కన వీ1, వీ2, వీ3 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేరొకటే, లోపలి చిప్‌లు వేరు. నేను అది చూడకుండా ఏదో ఫైళ్ల సైటులో దొరికింది దింపి ఎక్కించాను, అదీ వైఫై మీద, అదీ సాయంత్రం ఆరింటికి. సగంలో కరెంటు పోయింది. తర్వాత అన్ని లైట్లూ ఒకేసారి వెలిగి ఆరడం, మళ్లీ వెలిగి ఆరడం, అంతే, ఇక లేవలేదు. అప్పటికి కొని ఏడాది కాలేదు.

తయారీ కంపెనీ సైటులో, మీ దేశం పేజీలో, మీ వెర్షన్‌కి ఉన్న ఫైలే తీసుకోండి. లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, రూటర్‌ని ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టి అప్పుడు ఎక్కించండి. అయిదు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. అయ్యాక ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి సెట్టింగులన్నీ చేత్తో కొత్తగా పెట్టండి, పాత బ్యాకప్ ఫైలు లోడ్ చేస్తే ఆ దొంగ డీఎన్‌ఎస్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది) ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్ అంటారు గానీ రూటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011 నుంచీ తెలుసు.

ఓరుగల్లు_వాసి:

లాన్ కేబులే అన్నా. స్టిక్కర్ మీద వీ2 ఉంది. కంపెనీ సైటులో వెతికితే వీ2కి చివరి ఫైలు 2019ది, ఆ తర్వాత ఏమీ లేదు, పైన ఈ మోడల్‌కి సపోర్టు ఆగిపోయింది అని రాసుంది. ఆ 2019 ఫైలు ఎక్కించేసి వాడుకోవచ్చా? డబ్బా బాగానే ఉంది, పారేయాలంటే నాన్న ఒప్పుకోరు.

రాత్రి_షిఫ్టు:

కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులు వాడండి, అంతే. లోపం దొరకడం, పూడ్చడం వేరు, పూడ్చింది మన ఇంటిదాకా రావడం వేరు. మిస్‌ఫార్చూన్ కుకీ అని 2014 డిసెంబరులో చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు బయటపెట్టిన లోపం ఉంది. రూటర్ లోపల సెట్టింగుల పేజీ చూపించే రోమ్‌పేజర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లోది. దాన్ని తయారుచేసిన కంపెనీ 2005లోనే సరిచేసింది! కానీ ఆ సాఫ్ట్‌వేర్ కొన్న చిప్ కంపెనీ పాతదే ఇచ్చింది, చిప్ కొన్న రూటర్ కంపెనీ పాతదే పెట్టింది, రూటర్ కొన్న నెట్ కంపెనీ ఇంటింటికీ పంచింది. తొమ్మిదేళ్ల తర్వాత లెక్కపెడితే 189 దేశాల్లో కనీసం 1.2 కోట్ల డబ్బాల్లో అదే పాత లోపం. ఇన్ని చేతులు దాటి రావాల్సిన మందు, మొదటి చేతే మూసేశాక ఇక ఎవరు పంపుతారు? మీ వీ2 పరిస్థితి అదే.

కొత్తది కొనేటప్పుడు యాంటెనాలు ఎన్ని అని కాదు, అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో చూడండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఈ మాట కంపెనీలు ముందే చెప్పాలని చట్టం ఉంది, డిఫాల్ట్ పాస్‌వర్డ్ అందరికీ ఒకటే పెట్టడం కూడా నిషేధం. ఇక్కడ మనమే అడగాలి. ఆటో అప్‌డేట్ ఉన్నది తీసుకోండి, ఆన్ చేసి రండి.

ఓరుగల్లు_వాసి:

అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం వెళ్లి కొత్తది పెట్టాను. మ్యాక్ బైండింగ్ మాట నిజం, ముందే చెప్పబట్టి పావుగంటలో నెట్ వచ్చింది. మొదటిసారి లాగిన్ అయినప్పుడే దానికీ ఒక అప్‌డేట్ ఉంది, కొత్త పెట్టెలోదే అయినా, అది కూడా ఎక్కించాను, ఇన్వర్టర్ మీదే. రిమోట్, డబ్ల్యూపీఎస్ తీసేశాను, పాస్‌వర్డ్ నాన్న డైరీలో రాసిచ్చాను.

ఒకటే చిక్కు. పాతదాన్ని నాన్న తుడిచి కవర్లో చుట్టి పెట్టారు, పరకాలలో బాబాయ్ కొత్తగా నెట్ పెట్టించుకుంటున్నాడు, వాడికి ఇద్దామని. ఇవ్వొద్దంటే "లైట్లన్నీ వెలుగుతున్నయ్ కదరా, ఖరాబ్ ఎక్కడైంది" అంటున్నారు.

గుంటూరు_లైన్:

ఇవ్వనివ్వకండి. అది ఆపరేటర్ సొత్తు, తిరిగివ్వాలి అని చెప్పండి. నిజంగానే చాలాచోట్ల అంతే, ఒకసారి అడిగి చూడండి. ఇచ్చేముందు రీసెట్ కొట్టండి, అందులో మీ పీపీపీఓఈ పాస్‌వర్డ్ ఉంటుంది. బాబాయి గారి కనెక్షన్ రోజు ఒకసారి ఫోన్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, రిమోట్ తీసేసి వెళ్లమని ఆ వచ్చిన కుర్రాడికే చెప్పండి. కసురుకోకుండా అడిగితే చేస్తాడు, రెండు నిమిషాల పని.