షోలో మనసుకు తాకిన సిస్టమ్‌ని నమ్మొచ్చా?

పాతచెవులు:
కంపెనీలు హోటల్ గదుల్లో తమ సిస్టమ్‌లు పెట్టి వినిపించే ఆడియో షో అంతా రెండు రోజులు తిరిగాను. గది గదికీ మనిషెత్తు స్పీకర్లు, మణికట్టంత లావు కేబుళ్ళు. బేస్‌కి తలుపులు అదిరితే ఆహా అనుకోవడం, ఐదు నిమిషాలకి లేచి వచ్చేయడం, ఇదే పని. మొదటి రోజు సాయంత్రం కాళ్ళు లాగేస్తుంటే, కుర్చీ ఖాళీగా ఉందని ఒక చిన్న గదిలోకి దూరాను. 300బీ అనే పాతకాలపు గాజు ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్, మహా అయితే ఎనిమిది వాట్లు, బూరలాంటి మూతి ఉన్న హార్న్ స్పీకర్లు. ఎవరో పెద్దాయన గొంతు, పక్కన ఒక్క గిటార్. చరణం ఎత్తుకునే ముందు ఆయన గాలి పీల్చుకోవడం వినపడింది. నా పక్కనతను ఫోన్ జేబులో పెట్టేశాడు. పాట అయ్యాక కూడా కాసేపు ఎవరూ కదల్లేదు. షోలో వెతకాల్సింది ఇదేనంటాను, డీటెయిల్, సౌండ్‌స్టేజ్ (ఏ వాద్యం ఎక్కడున్నట్టు వినిపిస్తుందో) లెక్కలన్నీ తర్వాత. కాదనేవాళ్ళు చెప్పండి.

గ్రాఫ్ఎక్కడ:
కాదంటాను. మిమ్మల్ని కదిలించింది పాట. కుర్చీకి కూడా కొంత వాటా ఇవ్వండి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఆడియో పరిశోధకులు ఒకే స్పీకర్లని తెర వెనక పెట్టి ఒకసారి, కళ్ళ ముందు పెట్టి ఒకసారి 40 మందికి వినిపించారు. చూడకుండా మంచి మార్కులు వేసిన చిన్న సిస్టమ్‌కి, చూశాక తగ్గించేశారు. విన్నవాళ్ళు ఆ ఇద్దరూ పనిచేసే ఆడియో కంపెనీ ఉద్యోగులే మళ్ళీ! ఇక వెలిగే ట్యూబులు ఎదురుగా ఉంటే చెవి మాట ఎవరు వింటారు? పైగా ఆ ఆంప్ తనవంతుగా సెకండ్ హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ ఉన్న స్వరం, కలుపుతుంది. ఒంటరి గొంతుకి అది తేనె పూసినట్టుంటుంది, ఆర్కెస్ట్రా పెట్టండి, ముద్దయిపోతుంది.

గదిమూల:
ఇద్దరూ గది సంగతి మర్చిపోయారు. నేను రెండుసార్లు షోలో డెమో గది సర్దాను. గోడకీ గోడకీ మధ్య 5 మీటర్లుంటే 34 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బిపోతుంది, పెద్ద స్పీకర్ సరిగ్గా అక్కడే గట్టిగా మోగి చెడ్డపేరు తెచ్చుకుంటుంది. మేము ముందురోజు అర్ధరాత్రి దాకా స్పీకర్లని జానెడు ముందుకి, బెత్తెడు వెనక్కి జరుపుతూ, చివరికి మంచం మీది పరుపు తీసుకెళ్ళి మూలన నిలబెట్టాం. అయినా సగమే కుదిరింది. చిన్న స్పీకరైతే అంత కిందికి దిగనే దిగదు కాబట్టి బతికిపోతుంది. దానికితోడు పక్కగది మోత వినపడకుండా అందరూ వాల్యూమ్ పెంచుతారు, చెవులు అలిసిపోతాయి. మీరు లేచి వచ్చేసిన వాటిలో మంచివీ ఉండుంటాయి, గదే ముంచేసి ఉంటుంది.

పాతచెవులు:
గది మాట ఒప్పుకుంటున్నా. గ్రాఫ్ గారూ, మీకో సంగతి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే నా పెన్‌డ్రైవ్ పట్టుకుని అదే గదికి వెళ్ళాను. కోరస్, డ్రమ్స్ ఉన్న ట్రాక్ పెట్టించాను. మీరన్నట్టే ముద్ద. సిగ్గేసింది కూడా. తర్వాత ఆ పెద్దాయన పాటే మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ గొంతులో ఏదో అడ్డంపడింది. ఈసారి కుర్చీ కూడా దొరకలేదు, గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

గ్రాఫ్ఎక్కడ:
నిలబడి విన్నారా? అయితే కుర్చీ వాటా వెనక్కి తీసుకుంటున్నా. తెర మాత్రం కట్టాల్సిందే.