"స్వామి నయం చేస్తాడు కదరా?" అని నాన్న అడిగితే ఏమని చెప్పాలి?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, ఉద్దానం. ఇక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేకపోయారు. మా నాన్నకు వారానికి 3 సార్లు, ప్రతిసారీ 4 గంటలు డయాలసిస్. ఆయనకు ధైర్యమిచ్చేది అరసవల్లి సూర్యనారాయణస్వామి. నేను దేవుణ్ణి నమ్మను.

రథసప్తమికి తీసుకెళ్లమన్నారు, తప్పకుండా తీసుకెళతాను. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, గుండెకు ప్రమాదం కనుక గుడిలో ఇచ్చినా తాగవద్దంటే ఒప్పుకున్నారు. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అదెంత కష్టమో! మొన్న రాత్రి మాత్రం నా చేయి పట్టుకుని, "స్వామి నయం చేస్తాడు కదరా?" అన్నారు. ఈ దశలో మూత్రపిండాలు తిరిగి బాగుపడవని డాక్టరు నాకు చెప్పారు. అవునంటే అబద్ధం. పైగా ఆ నమ్మకంతో డయాలసిస్ మానేస్తారేమోనని భయం. కాదంటే ఆయనకున్న ఒక్క ఆసరా నా చేత్తో లాగేసినట్టు. ఏమీ అనలేక దుప్పటి సర్దాను.

నమ్మకం లేకుండానే ఇలాంటి తల్లిదండ్రులను చూసుకున్నవారు ఎవరైనా ఉన్నారా? మీరు ఏమని జవాబిచ్చారు? ఆ మాట తర్వాత మిమ్మల్ని బాధించిందా? దయచేసి చెప్పండి. నాన్న మళ్లీ అడుగుతారు.