కీమో తర్వాత తెల్లకణాల ఇంజెక్షన్: కరెంటు పోయింది, వాడొచ్చా?

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మకి రొమ్ము క్యాన్సర్, రెండో కీమో అయ్యింది. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 600కి పడిపోతే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు 300 మైక్రోగ్రాములవి, రోజుకొకటి చొప్పున ఐదు రాశారు. తెల్లకణాలు తయారుచేయమని ఎముక మూలుగకి చెప్పే జీ-సీఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్ మన ఒంట్లోనే ఉంటుంది, దాన్నే మందుగా చేశారట.

ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రాజమండ్రి నుంచి ఐస్ బాక్సులో, ఐస్ నేరుగా తగలకుండా తువ్వాలు చుట్టి తెచ్చాను. రెండు వేయించాం. నిన్న గాలివానకి రాత్రంతా కరెంటు లేదు. పొద్దున్నే ఫ్రిజ్ తీస్తే ఐస్ ట్రేలో అన్నీ నీళ్లే. మిగిలిన మూడు సిరంజిలు పనికొస్తాయా? ఆసుపత్రిలో ఫోన్ ఎత్తడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంకోటి. నడుము, తొడ ఎముకలు లోపల్నుంచి సలుపుతున్నాయని అమ్మ రాత్రి నిద్రపోలేదు. ఈ మందుకి ఎముకల నొప్పి మామూలేనని నర్సమ్మ చెప్పారు. పారాసెటమాల్ వేద్దామంటే, జ్వరం వచ్చినా బయటపడదేమోనని నా భయం. 100.4 దాటితే వెంటనే తీసుకురమ్మన్నారు మరి. మీ ఇంట్లో వాళ్లకి ఏం చేశారు?

కీమోకి ఒక్కసారే వేసే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఎవరికైనా ఇచ్చారా? దయచేసి చెప్పండి.